మనసులో నిలిచిన పాఠాలు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)

 

బడిలో, కాలేజీలో చెరగని ముద్ర వేసిన తరగతుల గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు అడిగారు. ఈ ప్రాంతపు బడుల్లో చదువుకుని, మళ్లీ ఈ ప్రాంతపు బడుల్లోనే పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయులందరి తరఫునా మాట్లాడుతున్నాం కనుక, మేము అనే అంటాం. ఏటా ఈ సభలో ఎంతమందికి ఫీజులు కట్టారో, ఎన్ని పుస్తకాలు పంచారో కార్యదర్శి గారు చదివి వినిపిస్తారు. మనమందరం అల్‌హందులిల్లాహ్ అనుకుంటాం. ఆ ఫీజు కట్టిన తర్వాత తరగతి గదిలో ఏం జరిగిందో చెప్పే లెక్క మాత్రం నివేదికలో ఉండదు. ఈ రోజు ఆ లెక్క చెబుతాం.

ముందుగా ఒక తెలుగు పాఠం. మేము చదువుకునే రోజుల్లో తెలుగు మాస్టారు గుర్రం జాషువా గారి 'ఫిరదౌసి' కథ చెప్పారు. జాషువా గారు 1895లో మన వినుకొండలో పుట్టిన కవి. పుట్టిన కులం కారణంగా చిన్ననాటి నుంచే అవమానాలు పడినవారు. అటువంటి కవి ఎక్కడో ఇరాన్ దేశపు తూస్ ప్రాంతంలో పుట్టిన ఒక ముస్లిం కవి కష్టాన్ని తన కష్టంగా భావించి 1932లో తెలుగులో కావ్యం రాశారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుని వచ్చి, తెలుగు తరగతిలో వెనక బెంచీలో బిక్కుబిక్కుమంటూ కూర్చునే మాకు ఆ రోజు మొదటిసారి ఒక సంగతి అర్థమైంది. ఈ భాష మాది కూడా. ఇందులో మా పేర్లున్నాయి, మా కథలున్నాయి. ఆ రోజు నుంచి మాలో చాలామంది ఒక బెంచీ ముందుకు జరిగి కూర్చున్నాం.

ఆ కథలో మాస్టారు మరీ మరీ చెప్పిన భాగం మీ అందరికీ పనికొచ్చేది. గజనీ సుల్తాను ఒక్కో పద్యానికి ఒక్కో బంగారు నాణెం ఇస్తానన్నాడట. ఏళ్ల తరబడి శ్రమించి కావ్యం పూర్తి చేస్తే వెండి నాణేలు పంపాడట. కొంతకాలానికి సుల్తాను పశ్చాత్తాపపడి బంగారం పంపించాడు. ఆ బంగారం ఊరి ద్వారంలోకి వచ్చే వేళకు కవి జనాజా రెండో ద్వారం గుండా వెళ్లిపోతోందని జనం చెప్పుకునే కథ. చరిత్రలో అచ్చంగా అలాగే జరిగిందా అన్నది పండితులు తేల్చుకుంటారు. పిల్లలుగా మాకు మాత్రం రెండు సంగతులు తలకెక్కాయి: ఇచ్చిన మాట తగ్గించకూడదు, ఇచ్చేది వేళకు ఇవ్వాలి. ఈ రెండో సంగతికి మళ్లీ వస్తాం.

ఇక లెక్కల పాఠం. మంగళగిరి అంటే మగ్గాల ఊరు. ఇక్కడి నేత చీరకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నిజాం అంచు చీర అంటే దేశమంతా మంగళగిరినే తలుచుకుంటారు. మా లెక్కల మాస్టారు ఒక రోజు నూలు చిలప ఒకటి తరగతికి తెచ్చి బల్ల మీద పెట్టారు. "దీన్ని ఎనభయ్యో నంబరు నూలు అంటారు. ఎనభై అంటే ఏమిట్రా?" అన్నారు. మగ్గం గుంట పక్కన పుట్టి పెరిగిన పిల్లలకు కూడా జవాబు తెలియలేదు. రోజూ వినే మాటే, ఎప్పుడూ అడగని ప్రశ్న.

ఆయన నల్లబల్ల మీద రాశారు. ఒక్కో చిలప 840 గజాలు. అలాంటి చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను బరువు తూగుతాయో అదే నూలు నంబరు. ఎనభయ్యో నంబరంటే 80 చిలపలు. హెచ్చవేయమన్నారు. 67,200 గజాలు వచ్చింది. కిలోమీటర్లలోకి మార్చమన్నారు. 61 దాటింది. "మంగళగిరి నుంచి గుంటూరు ఎంత దూరం?" అన్నారు. సుమారు 20 కిలోమీటర్లు. "అయితే అరకిలో కూడా తూగని ఈ నూలు పట్టుకుని ఇక్కడి నుంచి గుంటూరు పోవచ్చు, తిరిగి రావచ్చు, మళ్లీ పోవచ్చు" అన్నారు. తరగతి అంతా నోరు తెరిచింది. నంబరు పెరిగే కొద్దీ దారం ఎందుకు సన్నబడుతుందో మరి చెప్పనవసరం లేకపోయింది. విలోమానుపాతం అనే పెద్ద మాట ఆ తర్వాత వచ్చింది. భయం అప్పటికే పోయింది.

ఆ సాయంత్రం ఒక పిల్లవాడు ఇంటికి పోయి కండెలు చుడుతున్న వాళ్ల అమ్మకు ఈ లెక్క చెప్పాడు. "రోజూ నేను గుంటూరు దాకా నడుస్తున్నానన్నమాట" అని ఆమె నవ్విందట. చదువు ఇంటికి వెళ్లి అమ్మను నవ్వించిందంటే ఆ పాఠం గెలిచినట్టే.

సైన్సు పాఠం ఒకటి. మన గుంటూరు, ప్రకాశం పత్తి నేలల్లో దూదేకుల వృత్తి తరతరాలది. నూర్‌బాషా సోదరుల ఇళ్లలో దూదేకే విల్లు ఉండేది. దాని పేరెత్తితే బడిలో కొందరు ఎగతాళి చేసేవారు. ఆ ఇళ్ల పిల్లలు నాన్న ఏం పని చేస్తాడని అడిగితే తలవంచుకునేవారు. శబ్దం పాఠం వచ్చిన రోజున మా సైన్సు మాస్టారు అలాంటి ఒక పిల్లవాడిని పిలిచి, వాళ్ల తాత వాడిన విల్లు తెప్పించారు. కొయ్య సుత్తితో నారిని మీటితే గది అంతా మోగింది. పైన ఉంచిన దూది ముక్క గాలిలోకి లేచింది. నారి కంపిస్తోంది, ఆ కంపనమే దూదిని విడదీస్తోంది, ఆ కంపనమే చెవికి శబ్దంగా వినబడుతోంది. నారి బిగిస్తే స్వరం హెచ్చింది, వదులు చేస్తే తగ్గింది. ఆ గంటసేపు ఆ పిల్లవాడే తరగతికి మాస్టారు. ఆ తర్వాత అతన్ని ఎవరూ ఎగతాళి చేయలేదు. పుస్తకంలో ఉన్న శాస్త్రం మన ఇంటి పనిముట్టులోనే ఉందని తెలిసిన పిల్లవాడు తలవంచుకోడు.

దూదేకుల ఇంట్లో పుట్టి తలెత్తుకు నిలబడిన మహానుభావుడు ఇక్కడికి దగ్గరలోనే ఉండేవారు. తాడికొండ దగ్గర పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ గారు. బుర్రకథను ఊరూరా తిప్పి, ఆ కళకే పితామహుడనిపించుకుని, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. తన జీవితకథకు 'పింజారి' అనే పేరు పెట్టుకున్నారు. ఎగతాళికి వాడే మాటనే పుస్తకం అట్ట మీదికి ఎక్కించారు.

కాలేజీ రోజుల సంగతికి వద్దాం. నంబూరు పక్కన నాగార్జున విశ్వవిద్యాలయాన్ని 1976 సెప్టెంబరు 11న అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు ప్రారంభించారు. బస్సెక్కితే చేరుకునే దూరంలో విశ్వవిద్యాలయం ఉండటం వల్లనే మా తరంలో ఎంతోమంది, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇంటి అన్నం తింటూ పెద్ద చదువులు చదవగలిగారు. హాస్టలుకు పంపని ఇళ్లు కూడా బస్సు పాసుకు ఒప్పుకున్నాయి.

బి.ఇడి. చదివే రోజుల్లో విన్న ఒక తరగతి మాలో చాలామందికి ఇప్పటికీ దారి చూపుతోంది. పాఠ్య ప్రణాళికలు చక్కగా రాసుకుని, రంగు సుద్దలతో బొమ్మలు వేసి, ఎంతో సంబరంగా మాదిరి పాఠం చెప్పాం. అధ్యాపకులు అంతా విని ఒకే ప్రశ్న అడిగారు: "మీ పాఠం అర్థం కాని పిల్లవాడి పేరు చెప్పండి." మేము తెల్లబోయాం. "నలభై మందికి చెప్పాను అనకండి. వెనకబడ్డ ముగ్గురి పేర్లు, వాళ్లు ఎక్కడ ఆగిపోయారో చెప్పగలిగితేనే పాఠం చెప్పినట్టు" అన్నారు. ఆ పూట తర్వాత హాజరు పట్టీ చూసే తీరే మారిపోయింది.

ఒక్క తరగతి మనిషిని ఎంత దూరం తీసుకుపోగలదో మన దేశం మొత్తానికి తెలిసిన ఉదాహరణ అబ్దుల్ కలాం గారు. రామేశ్వరం ఎలిమెంటరీ స్కూల్లో శివసుబ్రహ్మణ్య అయ్యరు గారు పక్షి ఎలా ఎగురుతుందో నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పారు. పిల్లలకు సరిగా అర్థం కాలేదని గ్రహించి సాయంత్రం సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లి, ఎగిరే పక్షుల రెక్కలు, తోకలు చూపించారు. విమానాల చదువు వైపు తన మనసు మళ్లింది ఆ రోజేనని కలాం గారు ఎన్నో సభల్లో చెప్పారు. అదే గురువు ఆ ముస్లిం పిల్లవాడిని ఇంటికి భోజనానికి పిలిచారు. ఇంటి ఇల్లాలు వడ్డించడానికి ఒప్పుకోకపోతే తన చేతులతో వడ్డించి పక్కన కూర్చుని తిన్నారు. అదీ ఒక పాఠమే.

ఈ కథకు రెండో సగం ఉంది. దాతలు అది వినాలి. మద్రాసు ఎం.ఐ.టి.లో సీటు వచ్చినప్పుడు కట్టవలసిన సుమారు వెయ్యి రూపాయలు ఆ ఇంట్లో లేవు. అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టి ఇచ్చింది. అయ్యరు గారి పాఠం లేకపోతే ఆ గాజులు ఏ కోర్సుకు తాకట్టు పెట్టాలో తెలిసేది కాదు. గాజులు లేకపోతే ఆ పాఠం రామేశ్వరం ఒడ్డునే ఆగిపోయేది. రెండూ కావాలి. మన సంఘం ఇన్నేళ్లుగా జొహరా గారి పని చేస్తోంది. అయ్యరు గారి పని కూడా మనమే ఎత్తుకోవాలన్నది ఈ రోజు మా మనవి.

మన నేల నుంచే ఇంకో ఉదాహరణ. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా గారు నాదస్వరం తండ్రి దగ్గర మొదలుపెట్టి, చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబు గారి దగ్గర నేర్చుకుని, అంతటితో ఆగక తంజావూరు బాణీ కోసం తమిళ దేశం వెళ్లి నాచ్చియార్‌కోయిల్ సోదరుల దగ్గర శిష్యరికం చేశారు. శ్రీరంగంలో స్థిరపడి, 1982లో అక్కడే పిల్లలకు నేర్పే ఆశ్రమం పెట్టారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఆయన దగ్గర నేర్చుకున్న మన ప్రాంతపు దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ గార్లకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తండ్రి, గురువు, మరో గురువు, శిష్యులు. ఒక గదిలో చెప్పిన పాఠం ఎన్ని చేతులు మారిందో చూడండి. సదఖయె జారియా అని మనం చెప్పుకునేది ఇలా సాగేదాన్నే.

పాఠానికి వెల కట్టిన సంఘటన మన సీరత్‌లోనే ఉంది. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలను విమోచన ధనం తీసుకుని వదిలిపెట్టారు. కలిగినవారి నుంచి 4,000 దిర్హముల వరకు తీసుకున్నారని చదువుతాం. ధనం లేక, చదవడం రాయడం తెలిసినవారికి మాత్రం ప్రవక్త మహనీయులు (స) వేరే షరతు పెట్టారు. మదీనాలో పదిమంది పిల్లలకు చదవడం రాయడం నేర్పితే చాలు, విడుదల. ఆనాటి మదీనాకు డబ్బు అవసరం ఎంతో ఉంది. అయినా పదిమంది పిల్లల చదువును ఒక మనిషి విమోచన ధనంతో సమానంగా లెక్కించారు. పైగా ఆ చెప్పేవాళ్లు నిన్నటిదాకా శత్రువులు. చదువు ఎవరి నోట వచ్చినా చదువే.

ఇప్పుడు చేదుగా ఉన్నా కొన్ని మాటలు చెప్పాలి. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. దేశంలో 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది అసలు బడికి పోనివారో, మధ్యలో మానేసినవారో అని తేల్చింది. ఆ మరుసటి ఏడు మన రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. నూర్‌బాషాలు అంతకు ముందు నుంచే బి.సి.-బిలో ఉన్నారు. ఆ తలుపుల గుండా డాక్టర్లయినవారు, ఇంజనీర్లయినవారు ఈ సభలోనే ఉన్నారు. కానీ తలుపు దాకా నడిచి రావాలంటే పదో తరగతి, ఇంటర్ దాటాలి. మన పిల్లలు జారిపోతున్నది ఆ నడకలోనే.

ఒక అమ్మాయి సంగతి చెబుతాం. పేరు అక్కర్లేదు. తండ్రి గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. దాతల పుణ్యమా అని ఫీజు కట్టారు, పుస్తకాలు, సంచి ఇచ్చారు. తొమ్మిదో తరగతిలో సంక్రాంతి సెలవుల తర్వాత బడికి రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితే మిరప కోతలకు వెళ్తోందన్నారు. కూలీ కోసమే మాన్పించారనుకున్నాం. ఆ పిల్లను పక్కకు పిలిచి అడిగితే ఏమందో తెలుసా? "బడికొచ్చినా ఏమీ అర్థం కావట్లేదు టీచర్. కోతకు పోతే సాయంత్రానికి అమ్మ చేతిలో పెట్టడానికి డబ్బులైనా ఉంటాయి." కూర్చోబెట్టి చూస్తే ఆ పిల్ల ఆగిపోయింది తొమ్మిదో తరగతి లెక్కల దగ్గర కాదు, ఐదో తరగతి భిన్నాల దగ్గర. నాలుగేళ్లుగా అర్థం కాని లెక్కల ముందు నోరు మూసుకుని కూర్చుంది. అన్నేళ్లూ ఫీజు మాత్రం తప్పకుండా కడుతూనే ఉన్నాం.

మా ఉపాధ్యాయుల్లో ఇద్దరు వంతులేసుకుని బడి అయ్యాక రోజూ ఒక గంట ఆ పిల్లకు రొట్టెలు, మిరప టిక్కీలు, జానెడు గుడ్డ ముక్కలతో భిన్నాలు చెప్పారు. ఆరు వారాలు పట్టింది. ఆ పిల్ల పదో తరగతి పాసైంది. ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. మంగళగిరి ఎయిమ్స్ ముందు నుంచి బస్సు పోతుంటే, ఇక్కడే పని చేస్తానని వాళ్ల అమ్మకు చూపిస్తుందట. ఇన్షా అల్లాహ్, చేస్తుంది. ఆమెను నిలబెట్టడానికి ఫీజు కావాలి, నిజమే. దానితోపాటు రోజుకో గంట, ఓపికగల ఒక మనిషి కావలసి వచ్చింది.

అందుకే దాతలను నాలుగు సంగతులు కోరుతున్నాం.

ఒకటి. ఎనిమిది నుంచి ఇంటర్ మొదటి ఏడు దాకా చదివే పిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు చెప్పే సాయంత్రం తరగతి పెడదాం. మగపిల్లలకు మగ్రిబ్ నుంచి ఇషా వరకు, ఆడపిల్లలకు చీకటి పడకముందే ఇల్లు చేరేలా అస్ర్ నుంచి మగ్రిబ్ వరకు. తరగతికి పదిహేను మందికి మించకూడదు. ముందుగా ప్రతి పిల్ల ఎక్కడ ఆగిపోయిందో చూసి, అక్కడి నుంచి మొదలుపెట్టాలి. మాలో కొందరం జీతం లేకుండా చెబుతాం. డిగ్రీ, బి.ఇడి. పూర్తయి ఇంట్లో ఉన్న మన ఆడపిల్లలకు గౌరవ వేతనం ఇచ్చి వాళ్లతోనూ చెప్పిద్దాం.

రెండు. దీనికి ఏ సొమ్ము వాడాలో జాగ్రత్తగా చూసుకుందాం. జకాత్ అర్హులైన పిల్లల చేతికే చేరాలి. గది అద్దెకు, నల్లబల్లకు, చెప్పేవారి వేతనానికి సదఖా, లిల్లాహ్ సొమ్ము విడిగా కావాలి. ఖాతా వేరుగా తెరిచి, ఆలిములను అడిగి, లెక్క వేరుగా రాసి, వచ్చే ఏడాది ఈ వేదిక మీదే చదువుదాం.

మూడు. ఫిరదౌసి కథ గుర్తుంచుకోండి. సాయం వేళకు అందాలి. జూన్‌లో బడులు తెరిచేలోగా ఫీజు చేరితే పిల్ల మొదటి రోజు నుంచే ధైర్యంగా కూర్చుంటుంది. దసరా దాటాక చేరితే, అప్పటికే నలుగురిలో రెండుసార్లు నిలబడి ఉంటుంది. అలాగే పిల్లలను వేదికెక్కించి చెక్కుతో ఫోటో తీయడం మానుకుందాం. కుడిచేతి దానం ఎడమచేతికి తెలియకూడదని మన పెద్దలు ఊరికే అనలేదు. పదిహేనేళ్ల పిల్లకు ఆ ఫోటో ఎంత బరువో మాకు తెలుసు.

నాలుగు. డబ్బుతోపాటు ఏడాదికి ఒక్క గంట కూడా ఇవ్వండి. మీలో మిర్చి వ్యాపారులున్నారు, మెకానిక్కులున్నారు, మందుల దుకాణాలవారు, దర్జీలు, ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. కమీషను ఎలా లెక్కగడతారో వ్యాపారి చెబితే అది శాతాల పాఠం. జాకీ కారును ఎలా లేపుతుందో మెకానిక్ చూపిస్తే అది భౌతిక శాస్త్రం. నూలు చిలపతో మా మాస్టారు చేసిందీ ఇదే. మీ వృత్తిలో ఉన్న చదువును మీ నోటితో చెప్పండి. మీ పిల్లలు వింటారు, ఇతరుల పిల్లలూ వింటారు.

ఇక్కడ కూర్చున్న విద్యార్థులకు ఒక్క మాట. అర్థం కాకపోతే చెయ్యెత్తండి. మీరు అడగని ప్రశ్న మీ వెంటే నాలుగేళ్లు నడుస్తుంది. తల్లిదండ్రులకు ఒక్క మాట. మార్కులు ఎన్ని అని అడిగే ముందు ఈ రోజు బడిలో ఏం విన్నావని అడగండి. ఆ జవాబు వినడానికి మీరు చదువుకుని ఉండనక్కర్లేదు.

మాకు పాఠాలు చెప్పిన గురువుల్లో చాలామంది ఈ లోకంలో లేరు. వారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. ఏ నివేదికలోనూ వారి పేర్లుండవు. వారందరి రుణం తీర్చడానికి మాకు తెలిసిన దారి ఒక్కటే, ఆ పాఠాన్ని మరొకరికి అందించడం. ఆ పనికి మీరు గది ఇవ్వండి, దీపం ఇవ్వండి, వేళకు సాయం ఇవ్వండి. చెప్పే బాధ్యత మాది.

ఈ సంఘానికి సాయపడిన ప్రతి చేతినీ అల్లాహ్ స్వీకరించుగాక. మన పిల్లలకు ఉపయోగపడే జ్ఞానాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.